కొలతకు తోడుండే రెండో సంఖ్య

కొలిచి చెప్పిన ఏ ఫలితానికైనా రెండు భాగాలు ఉంటాయి. ఆ రాశి విలువ ఎంత అని చెప్పేది మొదటిది, ఆ విలువను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పేది రెండోది. రెండో భాగాన్ని కొలత అనిశ్చితి అంటారు. పరికరం గురించీ, కొలిచిన పద్ధతి గురించీ, మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు కనిపించే చెదురు గురించీ తెలిసినదంతా లెక్కలోకి తీసుకొని, అసలు విలువ అటూ ఇటూ ఎంత మేర ఉండవచ్చునో సంఖ్యగా చెప్పడమే దాని పని. 1927లో హైసెన్‌బర్గ్ ప్రతిపాదించిన అనిశ్చితత్వ సూత్రానికీ దీనికీ సంబంధం లేదు. అది ప్రకృతి స్వభావానికి చెందినది, ఇది మనుషుల జ్ఞానానికి ఉన్న హద్దును నిజాయితీగా చెప్పే పద్ధతి. ఇంటర్మీడియట్ నుంచి ఇంజనీరింగ్ పట్టా వరకు సాగే చదువులో ఈ రెండో భాగం పూర్తిగా లేదని చెప్పలేం. అది మూడు శాఖల్లో, మూడు పేర్లతో, ఒకదానికొకటి ఎరగనట్టు ఉంది.

తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ పాఠ్యక్రమంలో భౌతికశాస్త్రం ప్రమాణాలు, కొలతలు అనే అధ్యాయంతోనే దాదాపు మొదలవుతుంది. కనీసపు కొలత, అంటే పరికరం విడదీసి చూపగల అతి చిన్న మార్పు, అక్కడే పరిచయమవుతుంది. క్రమ దోషాలు, యాదృచ్ఛిక దోషాలు, సార్థక సంఖ్యలు, సాపేక్ష దోషాలను కూడే సూత్రం అక్కడే వస్తాయి. గణితంలో చాలా ఏళ్లపాటు సాగిన 1బి పుస్తకంలో అవకలనాల అనువర్తనాల కింద దోషాలు, ఉజ్జాయింపులు అనే చిన్న భాగం ఉండేది. 2ఎ పుస్తకంలో విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు వేర్వేరు అధ్యాయాలుగా ఉండేవి. ఇంజనీరింగ్‌కు వచ్చాక సర్వేయింగ్‌లో ముగింపు దోషం, మెకానికల్ విభాగంలో టాలరెన్సులు, సివిల్ విభాగంలో కాంక్రీటు లక్ష్య సగటు బలం ఎదురవుతాయి. వీటన్నిటిలో నడుస్తున్నది ఒకే ఆలోచన. కానీ ఏ ఉపాధ్యాయుడి బాధ్యతలోనూ ఆ ఆలోచన మొత్తంగా లేదు, అందువల్ల విద్యార్థికి ముక్కలు అందుతాయి గాని వాటిని కలిపే దారం అందదు.

లఘులోలకాన్ని తీసుకుంటే ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది భౌతికశాస్త్ర ప్రయోగశాలలోనూ గణిత పుస్తకంలోనూ ఉంది. పొడవులో 1 శాతం దోషం ఉంటే డోలనావర్తన కాలంలో సుమారు అర శాతం దోషం వస్తుందని గణిత విద్యార్థి అవకలనం ద్వారా రాబడతాడు, మార్కులు తెచ్చుకుంటాడు. అతడే మరో గంటలో ప్రయోగశాలకు వెళ్లి, నూరు సెంటీమీటర్ల లోలకానికి 20 డోలనాలు లెక్కపెట్టి, స్టాప్‌వాచీలో 40.2 సెకన్లు చూసి, ఆవర్తన కాలం 2.01 సెకన్లని రాసి, గురుత్వ త్వరణం 9.77 మీ./సె.² అని తేలుస్తాడు. గోళం కేంద్రాన్ని గుర్తించడంలో పొడవు 0.2 సెంటీమీటర్లు అటూ ఇటూ కావచ్చు, వేలు నొక్కడంలో కాలం 0.2 సెకన్లు అటూ ఇటూ కావచ్చు. అంటే పొడవులో 0.2 శాతం, కాలంలో 0.5 శాతం. సూత్రంలో కాలం వర్గంగా ఉంది గనుక ఆ అర శాతం ఒక శాతమవుతుంది. ఇక్కడే మూడు శాఖల మాట తేడా పడుతుంది. గణిత పుస్తకంలో దోషం అంటే ధన చిహ్నమో రుణ చిహ్నమో ఉన్న చిన్న మార్పు, కాబట్టి రెండు దోషాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవచ్చు. భౌతికశాస్త్ర పుస్తకం రెండూ ఒకే దిశలో గరిష్ఠంగా పనిచేశాయని భావించి 1.2 శాతం అంటుంది. ప్రమాణాల ప్రయోగశాలలో పనిచేసే ఇంజనీరు, పరస్పర సంబంధం లేని రెండు కారణాలు ఏకకాలంలో గరిష్ఠ స్థాయిలో ఒకే దిశకు లాగడం అరుదని, వాటి వర్గాలను కూడి వర్గమూలం తీసి 1.02 శాతం అంటాడు. ఈ మూడు సమాధానాల్లో తప్పు ఏదీ లేదు, ప్రశ్నలే వేరు. ఆ సంగతి విద్యార్థికి ఎవరూ చెప్పకపోవడమే అసలు నష్టం.

ఈ లెక్కకు అవకలనం కూడా అవసరం లేదు. పొడవును 100.2 సెంటీమీటర్లుగా తీసుకొని మళ్లీ గణిస్తే ఫలితం 9.79కి జరుగుతుంది, అంటే పొడవు వల్ల వచ్చే మార్పు 0.02. కాలాన్ని 40.0 సెకన్లుగా తీసుకొని గణిస్తే 9.87 వస్తుంది, అంటే కాలం వల్ల వచ్చే మార్పు 0.10. రెండే రెండు అదనపు గణనలతో కొలతలో బలహీనత ఎక్కడుందో బయటపడుతుంది. పొడవును ఇంకా సూక్ష్మంగా కొలవడానికి వెర్నియర్ తెచ్చుకొని శ్రమపడటం వృథా, 20 డోలనాల బదులు 50 లెక్కపెడితే కాలం వల్ల వచ్చే మార్పు 0.04కి తగ్గుతుంది. ప్రయోగాన్ని ఎలా మెరుగుపరచాలో చెప్పగలిగిన ఈ శక్తి వల్లే అనిశ్చితికి చదువులో చోటు ఉండాలి. రికార్డు చివరి పేజీలో, ప్రయోగం ముగిసిన తరువాత, లాంఛనంగా నింపే గడిగా అది మిగిలినప్పుడు ఆ శక్తి వినియోగంలోకి రాదు.

9.77 అన్న ఆ ఫలితం విద్యార్థిని కలవరపెడుతుంది, ఎందుకంటే పుస్తకంలో 9.8 అనో 9.81 అనో ఉంది. నిజానికి హైదరాబాద్ ఉన్న అక్షాంశంలో, ఆ ఎత్తులో గురుత్వ త్వరణం 9.78 దగ్గర ఉంటుంది. 9.81 భూమధ్యరేఖకు ఎంతో దూరంలో ఉన్న మధ్య అక్షాంశాల విలువ. 9.77 ± 0.10 అని రాయగలిగిన విద్యార్థికి తన ఫలితం 9.78తోనూ 9.81తోనూ పొసగుతుందని, ఈ లోలకంతో ఆ రెండింటి మధ్య తీర్పు చెప్పడం సాధ్యం కాదని తెలుస్తుంది. ± గుర్తు తరువాత ఏమీ రాయడం రాని విద్యార్థికి పుస్తకపు విలువ ఒక్కటే న్యాయాధికారి. అందువల్ల ఫలితం 9.8 వచ్చేలా వెనక నుంచి లెక్కకట్టి కాలం గడిని నింపడం ఎన్నో ప్రయోగశాలల్లో తరం నుంచి తరానికి అందుతున్న అలవాటైంది. దీన్ని విద్యార్థుల నైతిక లోపంగా చూడటం అన్యాయం. ఫలితం పుస్తకంతో సరిపోతేనే మార్కులని చెప్పే వ్యవస్థలో, సరిపోవడం అంటే ఏమిటో నేర్పని వ్యవస్థలో, పిల్లలు చేయగలిగింది అదే. అయినా పదహారేళ్ల వయసులో శాస్త్రంతో జరిగే తొలి పరిచయం కల్పిత సంఖ్యలతో మొదలు కావడం బాధ కలిగించే విషయం.

ఈ అలవాటు వెనుక ఇంకా లోతైన భావన ఒకటి ఉంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో తొలి ఏడాది భౌతికశాస్త్ర విద్యార్థుల ఆలోచనలను పరిశీలించిన బఫ్లర్, ఆలీ, లుబెన్ 2001లో ప్రచురించిన వ్యాసంలో రెండు దృష్టులను వేరుచేశారు. బిందు దృష్టి ఉన్న విద్యార్థి ప్రతి రీడింగునూ అదే అసలు విలువ కాగలదన్నట్టు చూస్తాడు, జాగ్రత్తగా కొలిస్తే ఒక్కసారి చాలునని నమ్ముతాడు, మళ్లీ కొలిస్తే ఏ రీడింగు ‘సరైనది’ అని వెతుకుతాడు. సమితి దృష్టి ఉన్న విద్యార్థి ఏ ఒక్క రీడింగుకూ ఆ గౌరవం ఇవ్వడు, రీడింగులన్నిటినీ కలిపి ఒక సమూహంగా చూసి, దాని సగటునూ చెదురునూ బట్టి అసలు విలువ గురించి అంచనా వేస్తాడు. సూత్రాలు కంఠస్థం చేయించి, చెదురుకు కొలమానమైన క్రమవిచలనాన్ని లెక్కకట్టించి కూడా మొదటి దృష్టిని అలాగే ఉంచేయవచ్చు. తెలుగు ప్రయోగశాలల్లో మూడు రీడింగులు తీసుకోవాలన్న నియమం ఉంది, సగటు కట్టే గడి ఉంది, కానీ ఆ మూడు ఎందుకు వేరుగా వచ్చాయన్న ప్రశ్నకు గడి లేదు.

రెండు కొలతలు పొసగకపోవడం ఒక్కోసారి ఎంత విలువైనదో రసాయనశాస్త్ర చరిత్ర చెబుతుంది, ఆ కథను పాఠంలో చోటు చూసి మరీ చెప్పాలి. ఇంగ్లండులో లార్డ్ రేలీ 1890ల తొలినాళ్లలో నత్రజని సాంద్రతను కొలుస్తున్నాడు. ఒక పెద్ద గాజు గోళాన్ని ఖాళీ చేసి తూచి, వాయువుతో నింపి మళ్లీ తూచేవాడు. గాలిని ఎర్రగా కాలిన రాగి మీదుగా పంపి ఆక్సిజన్‌ను తొలగించగా మిగిలిన నత్రజని ఒకటి, గాలిని అమ్మోనియాతో కలిపి పంపి రాబట్టిన నత్రజని మరొకటి. రెండో రకం సుమారు వెయ్యో వంతు తేలికగా వచ్చింది. అంత చిన్న తేడాను పట్టించుకోనక్కర లేదని చాలామంది వదిలేసేవారే. కానీ ఒకే పద్ధతిలో తయారైన వాయువును పదేపదే తూచినప్పుడు కనిపించే చెదురు అంతకంటే ఎంతో చిన్నదని రేలీకి తెలుసు, తన కొలతల అనిశ్చితి తనకు తెలుసు గనుకనే ఆ తేడా నిజమైనదని ఆయన గుర్తించగలిగాడు. 1892లో ‘నేచర్’ పత్రికకు లేఖ రాసి, దీనికి కారణం ఏమై ఉంటుందని తోటి రసాయనవేత్తలను అడిగాడు. ఆ తరువాత ఆయన చేసిన పని మరింత గొప్పది. తేడాను అణచే మార్గాలు వెతకకుండా, దాన్ని పెంచే మార్గం వెతికాడు. అమ్మోనియా పద్ధతిలో గాలి స్థానంలో శుద్ధమైన ఆక్సిజన్ వాడితే, వచ్చే నత్రజని అంతా అమ్మోనియా నుంచే వస్తుంది, గాలి నుంచి వచ్చేది ఏమీ ఉండదు. అలా చేయగా తేడా సుమారు రెండు వందలో వంతుకు పెరిగింది. గోళం నిండా పట్టే వాయువు బరువు గాలి నత్రజనికి సుమారు 2.310 గ్రాములు, రసాయన నత్రజనికి సుమారు 2.299 గ్రాములు. ఆ పదకొండు మిల్లీగ్రాముల వెనుక, గాలిలో దాదాపు ఒక శాతం మేర ఉంటూ అంతవరకు ఎవరి కంటా పడని వాయువు ఉంది. 1894లో విలియం రామ్సేతో కలిసి రేలీ ప్రకటించిన ఆర్గాన్ అదే. 1904లో రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్సేకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి. ఫలితం పుస్తకంతో సరిపోయేలా గడి నింపే అలవాటులో పెరిగిన మనిషికి ఆ పదకొండు మిల్లీగ్రాములు కనిపించే అవకాశమే లేదు.

అనిశ్చితిని లెక్కకట్టడంలో గణిత ఉపాధ్యాయుడు ఇవ్వగలిగిన సాయం చాలా పెద్దది, కానీ దాన్ని అతడిని ఎవరూ అడగడం లేదు. ఒక వెర్నియర్ కనీసపు కొలత 0.01 సెంటీమీటరు అయితే, అసలు విలువ ఆ వెడల్పులో ఎక్కడైనా సమాన అవకాశంతో ఉండవచ్చు. అలాంటి ఏకరూప విభాజనానికి క్రమవిచలనం ఎంత అని అడిగితే, ఒక చిన్న సమాకలనం ద్వారా వెడల్పును 12 వర్గమూలంతో భాగించాలన్న సమాధానం వస్తుంది, అంటే 0.003 సెంటీమీటర్లు. ప్రమాణాల ప్రయోగశాలలు ఇచ్చే ధ్రువపత్రాల వెనుక ఉండే లెక్కల్లో ఆ 12 తరచుగా కనిపిస్తుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇంటర్మీడియట్ గణితం చాలు చెప్పడానికి. సగటుకు ఉండే అనిశ్చితి రీడింగుల సంఖ్య వర్గమూలాన్ని బట్టి తగ్గుతుందన్నది కూడా సంభావ్యత పాఠమే. నాలుగింతల రీడింగులు తీసుకుంటే అనిశ్చితి సగమవుతుంది, అంతకంటే తగ్గదు. అయితే ఆ సూత్రం పనిచేసేది యాదృచ్ఛికమైన చెదురుకే. స్కేలు అంచు అరిగిపోయి ఉంటే వెయ్యి రీడింగుల సగటు కూడా అంతే తప్పుగా ఉంటుంది. 2011లో ఓపెరా ప్రయోగ బృందం జెనీవా దగ్గరి సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో వరకు, సుమారు 730 కిలోమీటర్ల దూరం, న్యూట్రినోలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందుగా చేరాయని ప్రకటించింది. గణాంకాల చెదురు ఆ తేడాకంటే చాలా తక్కువగా ఉంది. మరుసటి ఏడాది తేలిన ప్రధాన కారణం సరిగా బిగించని ఆప్టికల్ ఫైబర్ కేబుల్. ఎన్ని వేల న్యూట్రినోలను లెక్కపెట్టినా ఆ కేబుల్ గురించి సమాచారం రాదు.

రీడింగుల చెదురు నుంచి వచ్చేదీ, పరికరం గురించి వేరుగా తెలుసుకోవలసినదీ అయిన ఈ రెండు రకాల జ్ఞానాన్ని ఒకే చట్రంలోకి తెచ్చిన పత్రం 1993లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ మరికొన్ని అంతర్జాతీయ సంస్థల పేరిట వెలువరించిన మార్గదర్శి, కొలతల రంగంలో అందరూ ‘గమ్’ అని పిలిచేది. అది దోషాలను జాతులుగా విడదీయదు, వాటిని అంచనా వేసే మార్గాలను విడదీస్తుంది. మళ్లీ మళ్లీ కొలిచి గణాంకాల ద్వారా రాబట్టేది టైప్ ఎ, పరికరం ధ్రువపత్రం, తయారీదారు సమాచారం, పూర్వానుభవం వంటి వాటి ద్వారా రాబట్టేది టైప్ బి. రెండింటినీ క్రమవిచలనం రూపంలోకి మార్చి, వర్గాలుగా కూడి, చివరికి ఒకే సంఖ్యగా చెప్పాలంటుంది. ఆ సంఖ్యను సాధారణంగా రెండుతో గుణించి, సుమారు 95 శాతం నమ్మకంతో అన్న మాట జతచేస్తారు. మన దేశంలో ఎన్‌ఏబీఎల్ గుర్తింపు పొందిన క్యాలిబ్రేషన్ ప్రయోగశాలలు ఇచ్చే ధ్రువపత్రాలు ఈ పద్ధతిలోనే ఉంటాయి. అయినా అలాంటి ప్రయోగశాలలో ఉద్యోగానికి చేరిన బీటెక్ పట్టభద్రుడికి ఈ భాష చాలాసార్లు అక్కడే తొలిసారి వినబడుతుంది.

ఇంజనీరింగ్ వైపు అత్యంత బోధనీయమైన ఉదాహరణ కాంక్రీటు. ఐఎస్ 456 ప్రకారం ఎం 25 కాంక్రీటు అంటే, 150 మిల్లీమీటర్ల ఘనాలను 28 రోజులకు నలగగొట్టి చూసినప్పుడు, చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లకంటే తక్కువ బలం చూపే ఫలితాలు 5 శాతానికి మించి ఉండవని ఆశించదగ్గ కాంక్రీటు. అలా కావాలంటే సగటు 25 ఉంటే చాలదు. క్రమవిచలనం 4 న్యూటన్లని అనుకుంటే, దాన్ని 1.65తో గుణించి కలపగా వచ్చే 31.6ను లక్ష్యంగా పెట్టుకొని మిశ్రమాన్ని రూపొందించాలి. సివిల్ విద్యార్థులందరికీ ఆ 1.65 కంఠతా వస్తుంది. దాన్ని సంభావ్యత తరగతిలో చూసిన ఘంటాకార వక్రంతో, దాని దిగువ తోకలో 5 శాతాన్ని విడదీసే బిందువుతో కలిపి చూసేవారు తక్కువ. ఆ సంబంధం తెలిస్తే, సైటులో నీటి కొలత సరిగా లేక చెదురు 4 నుంచి 6కి పెరిగినప్పుడు అదే సగటు ఎందుకు సరిపోదో లెక్కవేయకుండానే అర్థమవుతుంది. ఇక్కడే సున్నితమైన మరో భేదం నేర్పవచ్చు. ఘనం నుంచి ఘనానికి బలం మారడంలో ఎక్కువ భాగం పదార్థంలోనే ఉన్న వైవిధ్యం, కొలత అనిశ్చితి కాదు. నలగగొట్టే యంత్రం క్యాలిబ్రేషన్ తప్పితే ఆ తప్పు ఘనాలన్నిటినీ ఒకే వైపు జరుపుతుంది, చెదురులో దాని జాడ కనబడదు. ఈ రెండింటినీ కలిపేసిన ఇంజనీరు మంచి కాంక్రీటును తిరస్కరించవచ్చు, చెడ్డదాన్ని అంగీకరించవచ్చు, ఆ స్లాబు కింద మనుషులు నివసిస్తారు.

మెకానికల్ విభాగంలో ఇదే ప్రశ్న తీర్పు రూపంలో వస్తుంది. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు పై హద్దు 24.993 అని డ్రాయింగులో ఉంది, మైక్రోమీటరు 24.991 చూపింది, ఆ మైక్రోమీటరు అనిశ్చితి 0.004. షాఫ్టు హద్దులో ఉందని ధ్రువీకరించవచ్చా అంటే, కొలిచిన సంఖ్యను బట్టి అవునని, అనిశ్చితిని కలిపితే అసలు విలువ హద్దు దాటి ఉండవచ్చు గనుక తెలిసిన సమాచారాన్ని బట్టి కాదని చెప్పాలి.

గణితం, భౌతికశాస్త్రం, ఇంజనీరింగ్ అనే ఈ విభజన ఆలోచనలో మొదటినుంచీ ఉన్నది కాదు. 1801 జనవరి 1న పియాజ్జీ కనిపెట్టిన సెరెస్ గ్రహశకలం సూర్యుడి వెలుగులో కనుమరుగైతే, కొద్ది పరిశీలనలతోనే దాని కక్ష్యను లెక్కకట్టి మళ్లీ ఎక్కడ కనబడుతుందో చెప్పినవాడు గౌస్. పరిశీలనల దోషాలను సర్దుబాటు చేసే కనిష్ఠ వర్గాల పద్ధతిని లెజాండ్ర్ 1805లో ప్రచురించాడు, గౌస్ 1809లో దాన్ని సంభావ్యతా సిద్ధాంతంతో ముడిపెట్టాడు. అదే గౌస్ గోటింగెన్ వేధశాలకు అధిపతి, 1820లలో హానోవర్ రాజ్యం భూసర్వే చేస్తూ థియొడొలైట్ లాంటి పరికరాలతో కోణాలు కొలిచినవాడు. మద్రాసు దగ్గర 1802లో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితీయ సర్వేలో కూడా త్రిభుజం మూడు కోణాలనూ కొలిచి, వాటి మొత్తం ఉండవలసిన విలువకు ఎంత తేడాగా వచ్చిందో చూడటం నిత్యకృత్యం. ఆ తేడాను దాచడం కాదు, దాన్ని మూడు కోణాలకూ న్యాయంగా పంచడం సర్వేయరు విద్య.

మార్పు ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఆలోచించదగినది. కొత్త సబ్జెక్టును ప్రవేశపెట్టడం దీనికి పరిష్కారం కాదు, అది నాలుగో ముక్క అవుతుంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులే తీసుకున్న రీడింగులు గణిత తరగతికి వెళ్లాలి, అక్కడ క్రమవిచలనం లెక్కకట్టడానికి పుస్తకంలోని మార్కుల పట్టిక బదులు అవే రావాలి. తరగతిలోని అరవై మంది ఒకే లోలకానికి కొలిచిన కాలాలను బోర్డు మీద దిమ్మచిత్రంగా గీస్తే సమితి దృష్టికి అంతకంటే మంచి పాఠం ఉండదు. మొదటి ఏడాదిలో గరిష్ఠ దోషాలను కూడే సూత్రమే చాలు, కానీ అది పై హద్దు మాత్రమేనని, తరువాత మరో సూత్రం వస్తుందని అప్పుడే చెప్పాలి. ఇంజనీరింగ్ తొలి ఏడాది భౌతికశాస్త్ర, గణిత, వర్క్‌షాపు అధ్యాపకులు ఒక మధ్యాహ్నం కలిసి కూర్చొని ఏ రాశికి ఏ పేరు వాడాలో, ± తరువాత రాసే సంఖ్య దేన్ని సూచించాలో ఒప్పందానికి వస్తే సగం గందరగోళం తీరుతుంది. సిలబస్ పూర్తికాదన్న అభ్యంతరం నిజమైనదే. అందుకని ప్రయోగాల సంఖ్య తగ్గించుకోవలసి రావచ్చు, ఇరవై ప్రయోగాలను యాంత్రికంగా ముగించడం కంటే పన్నెండింటిని అనిశ్చితితో సహా చేయడం మేలు.

అన్నిటికంటే కష్టమైనది పరీక్ష. ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు పుస్తకపు విలువకు దగ్గరగా రావడం మీద కాక, రాసిన అనిశ్చితి ఆ పరికరాలకూ ఆ రీడింగులకూ తగినదేనా అన్నదాని మీద పడాలి. 9.77 ± 0.10 అని రాసి, దానిలో ఎక్కువ భాగం కాలం వల్ల వచ్చిందని రెండు వాక్యాల్లో వివరించిన విద్యార్థికి, 9.81 అని మాత్రమే రాసిన విద్యార్థి కంటే ఎక్కువ మార్కులు రావాలి. అలా దిద్దాలంటే పరీక్షకుడు ఆ రెండు వాక్యాలు చదవాలి, విద్యార్థి రీడింగుల పట్టికలోని చెదురును ఒకసారి చూడాలి. ఒక్కో విద్యార్థికి ఇప్పుడు దొరికే కొద్ది నిమిషాలు దానికి చాలవు కాబట్టి, ఆ సమయం ఇవ్వడం నుంచే పని మొదలుకావాలి.